గదికి అరడుగు తక్కువ

పోయిన వారం కథ ఆగేసరికి అందరం మా హాల్లో నిలబడే ఉన్నాం. ఇంకా అలాగే ఉన్నాం. గోడ గడియారం లెక్కన అర నిమిషం కూడా గడవలేదు గానీ, నా గుండె లెక్కన అరపూట అయింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఇల్లు మా మామగారిది. చుట్టూ ఖాళీ స్థలం, వీధికి రెండువైపులా చెట్లు, కింద నాలుగు గదులు, పైన నాలుగు. మామగారు టైలరు, మా ఆయన ఆయన దగ్గరే కటింగ్ మాస్టరు, అత్తయ్య కాజాలూ గుండీలూ చేతికుట్లూ చూస్తుంది. నేను కోడలిగా వచ్చి పదకొండు వారాలు. ఇల్లు అమ్ముతున్నది ఎవరిమీదో అలిగి కాదు. ఎనిమిది గదుల్లో నలుగురం ఒకరినొకరు కేకేసి పిలుచుకోలేక గొంతులు పోతున్నాయి. అత్తయ్య మోకాళ్ళకీ మేడమెట్లకీ పడటం మానేసింది. నగరం అవతలి కొసన స్కూలు యూనిఫారాలు కుట్టడానికి పన్నెండు మిషన్లు పట్టే షెడ్డూ, దాన్ని ఆనుకుని మూడు గదుల ఇల్లూ దొరికాయి. శనివారంలోగా మేం ఔనంటే అవి మావి. లేకపోతే ఒక ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారివి. ఈ ఇంటి బేరం కుదిరితేనే మేం ఔననగలిగేది.

ఇవాళ గురువారం.

కొంటామని మూడోసారి వచ్చినవాళ్ళు ఒక పళ్ళ డాక్టరుగారు, లెక్కల టీచరయిన ఆయన భార్య. ఈసారి టీచరుగారి బాబాయి కూడా వచ్చారు. రిటైరైన ఇంజనీరు, సన్నగా ఆయన చేతిలోని స్టీలు టేపులాగే ఉంటారు. హాలు పొడవు కొలిచి, నేను టైపు చేసి ఇచ్చిన ఇంటి వివరాల కాగితం చూసి, మళ్ళీ కొలిచి, "అరడుగు తక్కువ" అన్నారు. సరిగ్గా అక్కడ ఆగాం.

"అరడుగే కదా బాబాయ్, పోనిద్దూ," అంది టీచరుగారు.

"వెడల్పు కూడా చూస్తానుండమ్మా."

చూశారు. వెడల్పూ అరడుగు తక్కువే. కాగితంలో ఇరవై రెండున్నర, పదహారున్నర. నేల మీద ఇరవై రెండు, పదహారు.

"మిగతావీ చూద్దాం," అన్నారు డాక్టరుగారు. నోరు తెరిపించి లోపల ఏం కనపడిందో చెప్పకుండా పక్క పన్ను మీదికి వెళ్ళే గొంతు అది.

అలా మా ఊరేగింపు బయల్దేరింది. ముందు టేపు, వెనక ఇంజనీరు బాబాయిగారు, ఆయన వెనక కొనేవాళ్ళు, వాళ్ళ వెనక అమ్మేవాళ్ళం. వంటగదిలో పొద్దుటి ఎండ పింగాణీ సింకులో పడి గిన్నెల మీద మిలమిలలాడుతోంది. ఇంకోరోజయితే నేను దాని ముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడేదాన్ని. అరడుగు. సామాన్ల గదిలో అరడుగు. మేడ మీదికి వెళ్ళాం. మెట్ల మలుపులో రంగుటద్దం కిటికీ ఉంది, అది ప్రతి మనిషి ముఖాన్నీ ఒక్క మెట్టు సేపు ఆకుపచ్చ చేస్తుంది. డాక్టరుగారి ముఖం ఆ మెట్టు దాటాక కూడా అలాగే ఉంది. పైన మా గది. కిటికీ తీస్తే కొమ్మ లోపలికి తొంగిచూస్తుంది. గాలి వేస్తే ఒక ఆకు సరిగ్గా మా ఆయన తలగడ మీద పడుతుంది, నా తలగడ మీద ఎప్పుడూ పడదు, దీనిమీద మా ఇద్దరికీ రోజూ తగాదా. అక్కడా అరడుగు.

ఎనిమిది గదులు. పొడవుకి అరడుగు, వెడల్పుకి అరడుగు. ఒక్క గదైనా పాపమని పూర్తిగా ఉండలేదు.

మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి టీచరుగారు కాగితం వెనక లెక్క కట్టేసింది. "మొత్తం మీద నూట పది చదరపు అడుగుల పైమాటే," అంది మెల్లిగా. "అంటే ఒక చిన్నగది."

"ఒకచోట తేడా వస్తే పొరపాటు అంటాం," అన్నారు డాక్టరుగారు. "రెండుచోట్ల వస్తే అజాగ్రత్త. పదహారు కొలతల్లోనూ ఒకేలా, అదీ ఎక్కువ చేసి రాస్తే దాన్నేమంటారు టైలరుగారూ? మా వాడుకలో మోసం అంటారు."

ఆ మాట హాల్లో పింగాణీ పళ్ళెంలా పడింది.

మామగారిని నేను పదకొండు వారాలుగా చూస్తున్నాను. గుడ్డ కత్తిరించాక మిగిలిన ముక్కల్ని, అరచేయంత ఉన్నా సరే, మడిచి మూటగట్టి బట్టలతోపాటు తిరిగిచ్చే మనిషి. "ఇదేం చేసుకోను మాస్టారూ?" అని ఎవరైనా నవ్వితే, "మీ గుడ్డ, మీ ఇష్టం" అంటారు. అలాంటి మనిషి తన హాల్లో, తన కుర్చీ పక్కన, మెడలో టేపుతో నిలబడి ఆ మాట పడ్డారు.

"ఎవరు కొలిచారు ఇల్లు?" డాక్టరుగారు అడిగారు.

"నేనే," అన్నారు మామగారు. "ఇల్లు కట్టి పూర్తయిన రోజు. నా చేతులతో."

"కాగితం ఎవరు తయారుచేశారు?"

మా ఆయన నోరు తెరిచాడు. నేనే ముందు అనేశాను. "నేనండీ. మామయ్యగారి పుస్తకంలోంచి ఎక్కించాను."

"ఏదీ ఆ పుస్తకం?"

ఆ పుస్తకం తేవడానికి పక్కగదికి పరుగెత్తాను. అది మామగారి కొలతల పుస్తకం, అట్ట అరిగి గుడ్డలా మెత్తబడిపోయింది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. నేను మొదటిసారి చూసిన రోజు కథల పుస్తకం దొరికినట్టు చదువుకుంటూ కూర్చున్నాను. ఒక రైలు గార్డు పేజీ చివర "ఎడమ భుజం కిందికి, అడగొద్దు, బాధపడతాడు" అని ఉంది. ఒక లావుపాటి పోలీసాయన పేజీలో "కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాగుతాడు, రెండంగుళాలు కలుపు" అని ఉంది. వాళ్ళందరి మధ్యలో ఒక పేజీకి పైన పేరు దగ్గర "ఇల్లు" అని ఉంది. మనుషులకి గీసిన గళ్ళలోనే ఇంటినీ ఇరికించేశారు. ఛాతీ గడిలో హాలు, నడుము గడిలో వంటగది, చెయ్యి పొడవు గడిలో మెట్లు. దాన్ని నేనొక్కదాన్నే విప్పి చదివి, చక్కగా గదుల పేర్లు పెట్టి టైపు చేశాను. చదువుకున్న కోడలు వచ్చిందని అత్తయ్య మురిసిపోయింది. మామగారు కళ్ళజోడు లేకుండానే కాగితాన్ని దూరంగా పట్టుకుని, "అక్షరాలు మిషన్ కుట్టులా వచ్చాయమ్మా" అన్నారు. ఆ మెప్పు నేను రెండు రోజులు తల మీద పెట్టుకు తిరిగాను.

ఇప్పుడు ఆ పుస్తకం గుండెలకి హత్తుకుని వస్తుంటే, నా వల్ల ఆయన తల దించుకోవాల్సి వస్తే ఇక ఈ ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని టీ కలుపుతాను అనిపించింది.

బల్లమీద పేజీ తెరిచాను. అందరూ వంగారు. ప్రతి గడిలోనూ రెండేసి అంకెలు. పైన నీలం సిరాతో ఒకటి, దాని కింద ఎర్రసిరాతో ఇంకొకటి.

"ఇదిగోండి," అన్నాను. "హాలు, ఇరవై రెండున్నర. వంటగది, పద్నాలుగున్నర. నేను ఒక్క అంకె కూడా మార్చలేదు."

ఇంజనీరు బాబాయిగారు వేలితో చూపించారు. "ఇరవై రెండు అని కూడా ఉంది కదమ్మా ఇక్కడ? నీలంలో?"

"అది తప్పు అంకె కదండీ. ఎర్రసిరాతో దిద్దారు."

కిటికీ పక్కన కూర్చుని గుండీ కుడుతున్న అత్తయ్య దగ్గర్నుంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. సూది గుచ్చుకుందేమో అనుకున్నాను. కాదు. నవ్వు. ఆపుకుంటున్న నవ్వు. మరుక్షణం ఆపుకోలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఓరి దేవుడో, ఏమండీ, ఇంటికి కూడా వదిలారా?" అంది.

మామగారు పేజీ వైపు చూశారు. నా వైపు చూశారు. ఆయన చెవుల దగ్గర్నుంచి ఎరుపు పాకింది, మనిషి ఒక్కసారిగా పదేళ్ళవాడయిపోయాడు.

"అమ్మా," అన్నారు నాతో, గొంతు తగ్గించి, "ఎరుపు దిద్దుబాటు కాదు. నీలం ఒంటి కొలత. ఎరుపు కత్తిరింపు కొలత. కుట్టుకి అర వదలాలి కదా."

"ఇంటికి కుట్టేమిటండీ?" డాక్టరుగారు కనుబొమలు ముడేశారు.

"అదేనండీ. ఏమీ లేదు. నీలంలో ఒక అంకె రాశాక కింద ఎర్రసిరాతో అర కలిపి రాయకపోతే నా చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్ళ అలవాటు. మనిషికైతే అది అరంగుళం. ఇక్కడ అంకెలు అడుగుల్లో ఉన్నాయి, అరడుగయిపోయింది."

"మీరు నమ్మండి డాక్టరుగారూ," అంది అత్తయ్య, ఇంకా నవ్వుతూనే. "ఒకసారి నాకు జ్వరమొస్తే థర్మామీటరు చూసి నూటొకటి అని రాసి, కింద ఎర్రసిరాతో నూట ఒకటిన్నర అని రాశారు. ఆ చీటీ చూసి ఆస్పత్రిలో డాక్టరు కంగారుపడి రెండు పూటలు మందు ఎక్కువ రాశాడు. ఈయన పాపం ఎక్కడికి పోతుంది?"

టీచరుగారు పకపకా నవ్వింది. ఇంజనీరు బాబాయిగారి మీసం కింద కూడా ఏదో కదిలింది. డాక్టరుగారు మాత్రం ఇంకా నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగారు. "మీకు ఈ ఎరుపు సంగతి ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ. మా కాలేజీలో మాస్టార్లు తప్పుల్ని ఎర్రసిరాతోనే దిద్దేవారు. అందుకని..." నాలుక కరుచుకున్నాను. "తప్పు నాదేనండీ. మామయ్యగారిని ఏమీ అనకండి."

"తప్పు తనది కాదు," అన్నాడు మా ఆయన. అప్పటిదాకా తలుపుకి ఆనుకుని సుద్దముక్కని వేళ్ళ మధ్య పొడి చేస్తున్నవాడు ముందుకొచ్చాడు. "నాన్నా, టైపు చేశాక సరిచూడమని కాగితం నాకే ఇచ్చింది. పుస్తకం కూడా పక్కనే పెట్టింది."

"ఇస్తే?" అన్నారు మామగారు.

"చూశాను, బాగుంది అన్నాను."

"చూశావా?"

"కాగితం... చూడలేదు."

"రోజుకి నలభై చొక్కాలు కత్తిరిస్తావు, నీలం ఏదో ఎరుపేదో నిద్రలో కూడా చెప్తావు. కాగితం చేతిలో పెట్టుకుని కాగితం చూడకపోతే మరేం చూశావురా?"

మా ఆయన నేల వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ రోజు నేను కొత్తగా జుట్టు వదిలేసి, కాగితం ఆయన ముందు పెట్టి, పక్కనే బల్లమీద ఎక్కి కూర్చుని కాళ్ళూపుతూ ఉన్నాననీ, ఆయన "బాగుంది, చాలా బాగుంది" అన్నప్పుడు కాగితాన్నే అంటున్నాడని నేను నమ్మాననీ అక్కడ ఎవరితో చెప్పను?

చెప్పక్కర్లేకపోయింది.

"ఎందుకండీ వాణ్ణలా నిలదీస్తారు?" అంది అత్తయ్య. "పెళ్ళయి పదకొండు వారాలేగా. వాడికి ప్రస్తుతం కళ్ళు ఒకవైపే తిరుగుతాయి."

అప్పుడు నవ్వారు డాక్టరుగారు. ఆయన పళ్ళు చాలా బాగున్నాయని నేను మొదటిసారి చూశాను. మూడు రాకపోకల్లో ఒక్కసారీ బయటపెట్టలేదు మరి. నాకు ప్రాణం లేచొచ్చింది. నేలలోకి కుంగిపోవాలని ఉంది, అదే సమయంలో గెంతాలని కూడా ఉంది. రెండూ చెయ్యకుండా కొంగు చివర పట్టుకుని మెలిపెట్టాను.

"అయితే ఒక పని చేద్దాం," అన్నారు ఇంజనీరు బాబాయిగారు. "అమ్మాయ్, నువ్వు నీలం అంకెలు చదువు. నేను మళ్ళీ కొలుస్తాను."

ఊరేగింపు మళ్ళీ బయల్దేరింది. ఈసారి వరస మారింది, పుస్తకం పట్టుకుని నేను ముందు. "ఇరవై రెండు." "ఇరవై రెండు." "పద్నాలుగు." "పద్నాలుగు." ప్రతి గదిలోనూ నేను ఒక అంకె అంటే టేపు అదే అంకె తిరిగి అనేది, పాఠం అప్పజెప్పినట్టు. మా గదిలో "పదమూడుంబావు" అన్నాను, ఈ పావు పోతుందేమో అని భయపడుతూ. బాబాయిగారు మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "పావూ ఉంది" అన్నారు. ఆ పావుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. నా వెనక నుంచి మా ఆయన చూపుడువేలు నా వీపు మీద ఎవరికీ కనపడకుండా ఒక చిన్న గీత గీసింది. తర్వాత చూసుకుంటే జాకెట్టు మీద సుద్ద.

హాల్లోకి వచ్చాక బాబాయిగారు టేపు వదిలేశారు, అది సర్రున చుట్టుకుని లోపలికి దూరింది.

"నా సర్వీసులో గుడ్డ టేపుతో ఇంత కచ్చితంగా కొలిచినవాణ్ణి చూడలేదు," అన్నారు మామగారితో. "ఎలా చేశారు?"

"గోడ ఊపిరి బిగబట్టదు కదండీ," అన్నారు మామగారు. "మనుషుల కంటే తేలిక."

డాక్టరుగారు మామగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "టైలరుగారూ, ఇందాక నేనొక మాటన్నాను."

"అన్నారు."

"అనకుండా ఉండాల్సింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

మామగారు వెంటనే పోనిద్దురూ అనలేదు. ఆ మాట ఎక్కడ తగిలిందో అక్కడి నుంచి దాన్ని పూర్తిగా బయటికి తీసేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు తలూపారు. "ధర నేను అడుగుల లెక్కన చెప్పలేదండీ, ఇంటికి చెప్పాను. అయినా ఈ తేడా చూశాక మీకు ఎక్కువనిపిస్తే ఇప్పుడే అనండి. నేనేమీ అనుకోను."

"మేం మూడుసార్లు కళ్ళతో చూసి ఇష్టపడింది ఈ ఇల్లే కదా," అంది టీచరుగారు. "కాగితం మారింది గానీ గోడలేమీ జరగలేదుగా. నాకు ఆ మెట్ల దగ్గర పచ్చ కిటికీ కావాలి. పిల్లలకి వెనక పెరడు కావాలి. ఏమంటారు?" చివరి మాట డాక్టరుగారితో.

"నేననేదేముంది, మీరు లెక్క కట్టేశాక," అన్నారాయన. "ఖాయం చేసుకుందాం టైలరుగారూ."

ఇద్దరూ చేతులు కలిపారు. షెడ్డు మాది. పన్నెండు మిషన్లూ నా చెవుల్లో ఒకేసారి మోగాయి. నేను వంటగదిలోకి వెళ్ళి స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి, గిన్నె మూత చేత్తో పట్టుకుని ఎవరూ లేకుండా రెండు చుట్లు తిరిగాను. మూడో చుట్టులో గుమ్మంలో మా ఆయన కనిపించాడు.

"ఎమ్మేగారూ, తమరికి ఎర్రసిరా పాఠం ఈ రాత్రికా, రేపటికా?"

"ముందు తమరు కాగితం చూడటం నేర్చుకోండి, కటింగ్ మాస్టరుగారూ."

"నేర్చుకుంటా. నువ్వు బల్ల దిగితే."

ఏడు కప్పులు ట్రేలో పెట్టుకుని వచ్చేసరికి హాల్లో అందరూ ఎప్పటినుంచో తెలిసినవాళ్ళలా కూర్చున్నారు. అత్తయ్య టీచరుగారి జాకెట్టు చేతిని పట్టుకుని కుట్టు పరీక్షిస్తూ "ఎవరు కుట్టారమ్మా ఇది, పాపం?" అంటోంది. డాక్టరుగారు మామగారి దవడ వైపు వృత్తిధర్మంగా చూస్తున్నారు. ఇంజనీరు బాబాయిగారు టేపు జేబులో పెట్టుకోబోతున్నారు.

"ఆగండి," అన్నారు మామగారు, ఉత్సాహంగా లేచి. "పెరడు కూడా కొలిచేయండి. అది నేనెప్పుడూ కొలవలేదు, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నదే రాసుకున్నాం. ఇంటి వెనక గోడ నుంచి ప్రహరీ దాకా నలభై అడుగులు. ఇంకే అనుమానమూ మిగలకూడదు."

"అవసరం లేదండీ, నమ్మాం," అన్నారు డాక్టరుగారు.

"నా తృప్తి కోసం."

"టీ చల్లారిపోతుందండీ," అంది అత్తయ్య. "ఇంకోరోజు చూసుకోవచ్చుగా."

"ఎంతసేపు? రెండు నిమిషాలు."

టేపు అంచు పట్టుకుని మా ఆయన ఇంటి గోడ దగ్గర కూర్చున్నాడు. బాబాయిగారు రాలిన ఆకుల మీదుగా నడుచుకుంటూ వెళ్ళి ప్రహరీకి ఆనించారు. మేం మెట్ల మీద కప్పులతో నిలబడ్డాం. ఎండ, గాలి, టీ ఆవిరి. ఇంత మంచి గురువారం నా జన్మలో రాలేదనుకున్నాను.

"ఎంతండీ? నలభయ్యేనా?" అని కేకేశారు మామగారు.

బాబాయిగారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. మళ్ళీ చూశారు. "నలభై ఆరు."

"అర కలిపి చదివారా ఏమిటి, మాలాగా?" అన్నాడు మా ఆయన. ఎవరూ నవ్వలేదు.

"ఆరడుగులు ఎక్కువుంది టైలరుగారూ. ఈ గోడ మీ హద్దు మీద లేదు. వెనకింటి వాళ్ళ స్థలంలో ఉంది."

మామగారు కప్పు మెట్టు మీద పెట్టారు. "అదెలా? ఈ గోడ..." అని ఆగిపోయారు. లోపల ఏవో లెక్కలు కట్టుకుంటున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. "పద్దెనిమిదేళ్ళ కిందట వానకి పాత గోడ కూలిపోయింది. స్కూళ్ళు తెరిచే నెల, నేను ఇంటికి రాకుండా షాపులోనే పడుకున్నాను. కొత్త గోడ దగ్గరుండి కట్టించింది..."

తిరిగి అత్తయ్య వైపు చూశారు. మేమూ చూశాం.

ఇందాకటి నవ్వు ఆవిడ ముఖంలో ఎక్కడా లేదు. డాక్టరుగారు ఏదో అనబోతే చెయ్యి చిన్నగా ఎత్తి ఆపింది. నా చేతిలో ట్రే తీసుకుని కింద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, చుట్టు తిరిగి వెళ్ళి వెనకింటి తలుపు కొట్టు. ఆ ఇంటావిడ నర్సమ్మగారిని ఒక్కసారి రమ్మను. గోడ కొలిచారని చెప్పు, ఆవిడకి అర్థమవుతుంది."

"మీరు పిలిస్తే బాగుంటుందేమో అత్తయ్యా, నేను కొత్తదాన్ని."

"అందుకే నిన్ను పంపుతున్నాను," అంది అత్తయ్య, గోడ మీంచి చూపు తిప్పకుండా. "నేను పిలిస్తే రాదు. ఆ గోడ అక్కడ కట్టమని నన్ను బతిమాలుకున్నది ఆవిడే."